ఓలెటా ఎడమ బొటనవేలు

టాల్‌ఫోర్డ్‌లో ఓలెటా ప్రూయిట్ పేరు చెబితే సగంమందికి ఆడవాళ్ల జుట్టు కత్తిరించే ఆమె కత్తెర గుర్తొస్తుంది, మిగతా సగానికి ఆమె నడుం దగ్గరి పిస్తోలు గుర్తొస్తుంది. రెంటినీ ఆమె ఒకే చేత్తో వాడేది. ఆ చెయ్యి మొరాయించిన ఏడాది సంగతి ఇది.

పిస్తోలు ఉండటం ఈ ఊళ్లో విశేషమేం కాదు. ఓక్లహోమాలో ఈ మూల కుక్క లేని వాకిలి ఉంటే ఉండొచ్చు గానీ తుపాకి లేని ఇల్లు ఉండదు. ఆదివారం చర్చికొచ్చే ఆడవాళ్ల చేతిసంచుల్లో ఒక అరలో బైబిలూ ఇంకో అరలో పిస్తోలూ ఉంటాయి, ఎవరూ వింతగా చూడరు. ఓలెటా విశేషమల్లా ఆ పిస్తోలుకున్న చిన్న మీట. వాళ్ల నాన్న సైన్యం నుంచి వచ్చాక కొనుక్కున్న పాతకాలపు బరువు పిస్తోలు అది. పిడికి పైన, బొటనవేలు ఆనే చోట, చిటికెనవేలి గోరంత ఇనప మీట ఉంటుంది. అది పైకి ఉంటే ట్రిగ్గర్ ఎంత నొక్కినా కదలదు. కిందికి దించితే పేలుతుంది. దాన్ని సేఫ్టీ అంటారు. ఇప్పటి పిస్తోళ్లలో చాలావాటికి ఆ మీటే ఉండదు. తియ్యి, నొక్కు, అంతే. ప్రాణం మీదికొచ్చినప్పుడు మీట వెతుక్కునే తీరిక ఎవరికుంటుందని దుకాణాలవాళ్లంటారు. ఈ తగువు పెళ్లిభోజనాల దగ్గర కూడా నడుస్తుంది. ఒకళ్లని ఒకళ్లు ఒప్పించినట్టు నేనెప్పుడూ వినలేదు.

ఓలెటా వాదనకి దిగేది కాదు. నాకు జరిగింది నాకు తెలుసు అని ఊరుకునేది.

ఆమెకి జరిగింది 2001 మార్చిలో. అప్పుడామెకి ముప్ఫై అయిదేళ్లు, కూతురు కేలీన్‌కి తొమ్మిది. మొగుడు రాండల్ స్టగ్స్ చేయిచేసుకునే రకం. తాగితే కొట్టేవాళ్లుంటారు, వీడు తాగకుండానే కొట్టేవాడు, అదింకా అన్యాయం. ఓలెటా చివరికి వాణ్ణి బయటికి వెళ్లగొట్టి, తాళాలు మార్పించి, వాడు దగ్గరికి రాకూడదని కోర్టు నుంచి కాగితం తెచ్చుకుంది. నాలుగో రోజు సాయంత్రం వాడు వెనక తలుపు తన్ని లోపలికొచ్చాడు. పొయ్యి మీద చిక్కుడుగింజలు ఉడుకుతున్నాయి. పెనంలో మొక్కజొన్న రొట్టె ఉంది. కేలీన్ బల్ల కింద దూరింది.

ఓలెటా ఫ్రిజ్ మీద దాచిన నాన్న పిస్తోలు అందుకుంది. బొటనవేలితో మీట కిందికి దించింది. అక్కడిదాకా సరిగ్గానే చేసింది. తరవాత ట్రిగ్గర్ మీది వేలు కదల్లేదు. ఎదురుగా ఉన్నది పిల్ల తండ్రి. వాడు నాలుగంగల్లో వచ్చి, ఆమె మణికట్టు మెలిపెట్టి పిస్తోలు లాక్కుని, ఆమె రొమ్ముకి ఆనించి ట్రిగ్గర్ నొక్కాడు.

పేలలేదు.

ఎందుకు పేలలేదో ఆ క్షణాన ఇద్దరికీ తెలియదు. వాడు ఆశ్చర్యంగా పిస్తోలు వంక చూశాడు. ఆ చూసినంత సేపు చాలు. ఓలెటా రొట్టెతో సహా ఇనప పెనం ఎత్తి వాడి కణత మీద కొట్టింది.

ఎందుకు పేలలేదన్నది కోర్టులో తేలింది. సేఫ్టీ వేసే ఉంది కదా, మా వాడు ఊరికే బెదిరించాడు, చంపే ఉద్దేశం లేదు అని రాండల్ వకీలు వాదించాడు. వినడానికి బాగానే ఉంది. అప్పుడు ప్రభుత్వ వకీలు లేచి, తూటాలు తీసేసిన ఆ పిస్తోలు రాండల్ చేతికిచ్చి, ఆ రోజు చేతిలోకి రాగానే మీటని ఎటు తోశావని అడిగాడు. పైకి అన్నాడు వాడు. నువ్వు సైన్యంలో నాలుగేళ్లు మిలిటరీ పోలీసువి కదా, అక్కడ నీకిచ్చిన పిస్తోలుకి మీట పైకి తోస్తే ఏమవుతుందని అడిగాడు.  సైన్యంలో ఇచ్చిన పిస్తోలు తీరే వేరు. దానికి మీట కిందికి ఉంటే ఆగుతుంది, పైకి తోస్తే పేలుతుంది. నాలుగేళ్లు ఆ వేలు పైకి తోయడమే నేర్చుకుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి సంగతేమో గానీ, చేతికి పట్టిన అలవాటు కూడా పుడకలతో గానీ పోదు. ఓలెటా దించిన మీటని వాడు తన చేత్తో మళ్లీ పైకి వేసి, పేలుతుందనుకుని నొక్కాడు. జ్యూరీవాళ్లు ఎక్కువసేపు తీసుకోలేదు. పాతికేళ్లు వేశారు.

ఆ మర్నాడే ఓలెటా హోబర్ట్ టాకెట్ దగ్గరికి వెళ్లింది. హోబర్ట్ తుపాకులు బాగుచేసేవాడు, వాళ్ల నాన్నకి ప్రాణస్నేహితుడు. అప్పటికే అరవై దాటాయి. ఆమె చెప్పిందంతా విని, ఆయన ఓదార్పు మాటలేం చెప్పలేదు.

"మీట దించావు, మనసు దించలేదు. ముందు మనసు, తరవాత మీట. నువ్వు తిరగేశావు పిల్లా" అన్నాడు.

అప్పట్నుంచి ఓలెటా రోజూ పొద్దున్నే తన సెలూన్ తెరవకముందు తూటాలన్నీ తీసేసి, వేరే గదిలో పెట్టి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, వెనకగోడకి ఎదురుగా నిలబడేది. ఒరలోంచి తియ్యడం, చూడటం, మనసులో నిర్ణయం చేసుకోవడం, మీట దించడం, మళ్లీ పైకి వెయ్యడం, ఒరలో పెట్టడం. వంద సార్లు. పైకి లెక్కపెడుతూ. సోమవారం సెలవైనా ఇంట్లో వంద పూర్తయ్యాకే కాఫీ. తర్వాత్తర్వాత ఆదివారాలు చర్చి అయ్యాక ఊరి బయట కంకర గుంట దగ్గర ఆడవాళ్లకి నేర్పడం మొదలుపెట్టింది. డబ్బు తీసుకునేది కాదు గానీ నియమం మాత్రం గట్టిది. చెయ్యి నేర్చుకున్నదే చేస్తుంది, మీరనుకున్నది చెయ్యదు అనేది. వందలో ఒక్కసారి వేలు తప్పినా ఒర విప్పించేది. మళ్లీ వందకి వందా వచ్చేదాకా ఆ మనిషి పిస్తోలు కట్టుకోకూడదు. డోవీ లస్క్‌నైతే మూడు నెలలు ఆపింది. డోవీ ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి, నోరు పెద్దది, ఆవిడ నోటికి జడిసి ఊరంతా పక్కకి తప్పుకునేది. ఓలెటా తప్పుకోలేదు.

2019 ఫిబ్రవరిలో రెండు వార్తలు ఒకే వారంలో వచ్చాయి.

మొదటిది డాక్టరు చెప్పింది. కుడి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయింది, ఎముక ఎముకని రాసుకుంటోంది. ముప్ఫై ఏళ్లు కత్తెర పట్టిన చేతికి అది మామూలేనట. కత్తెర ఇప్పటికే కేలీన్ చేతికి వెళ్లింది. ఓలెటా తలలు కడగడం, రంగులెయ్యడం చూసుకుంటోంది. ఆపరేషన్ చేస్తే ఏడాదికి గానీ పట్టు రాదన్నాడు, అదీ వస్తే. ఆ వారం వంద లెక్కలో ఓలెటా మీటని పదిహేనుసార్లు దించలేకపోయింది. వేలు ఆనుతుంది, నొప్పికి ఆగిపోతుంది. నియమం నియమమే, సాధనకి తప్ప పిస్తోలు కట్టుకోవడం మానేసింది.

రెండోది జైళ్లశాఖ ఉత్తరం. రాండల్ స్టగ్స్ సత్ప్రవర్తన మీద అక్టోబరు ఒకటిన విడుదలవుతాడు.

సత్ప్రవర్తన అన్న మాట దగ్గర ఓలెటా నవ్విందట. ఆ సత్ప్రవర్తన గల మనిషే మూడేళ్ల కిందట ఆమెకి క్రిస్మస్ కార్డు పంపాడు. గొర్రెపిల్లల బొమ్మ, కింద ఒకే వాక్యం: ఈసారి మీట ఎటు తొయ్యాలో నాకు తెలుసు. ఆమె ఆ కార్డు పట్టుకెళ్లి షెరీఫ్ ఆఫీసులో ఇచ్చింది. వాళ్లు దాన్ని ఫైల్లో పెట్టారు. మూడువందల గజాల లోపలికి రాకూడదని కోర్టు ఆర్డరు మళ్లీ ఇప్పించారు. పిలిస్తే ఎంతసేపట్లో వస్తారని ఓలెటా అడిగింది. కౌంటీ పెద్దది, ఉన్నది ముగ్గురు, ఇరవై అయిదు నిమిషాలు అన్నారు నిజాయితీగా. చేతులు కాలాక ఆకులు తెస్తారన్నమాట. ఆమె వాళ్లని తప్పుపట్టలేదు. ఆ ఇరవై అయిదు నిమిషాలూ తనవని మాత్రం గుర్తుపెట్టుకుంది.

వారం తిరక్కుండా కేలీన్ ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. లోపల కొత్త పిస్తోలు, నల్లగా, తేలిగ్గా, మీట లేకుండా. ఇరవై ఏడేళ్ల పిల్ల, తన జీతంలోంచి కొన్నది. ఓలెటా దాన్ని తీసుకుని కంకర గుంటకి వెళ్లి యాభై తూటాలు కాల్చి చూసింది. బాగానే ఉంది, గురి తప్పదు, వేలికి నొప్పి లేదు. ఆ మాట కూతురికి చెప్పింది కూడా. చెప్పి పెట్టె మూసింది.

"అమ్మా, దీనికి దించేదీ ఎత్తేదీ ఏం లేదు. నొక్కితే పేలుతుంది. కుడి చేత్తోనైనా, ఎడం చేత్తోనైనా" అంది కేలీన్.

"వాడి చేత్తోనైనా" అంది ఓలెటా.

 కేలీన్ ఎన్నాళ్లుగానో మనసులో ఉంచుకున్నది అనేసింది. "ఆ రోజు నిన్ను మీట కాపాడలేదమ్మా. వాడి అలవాటు కాపాడింది. నేను బల్ల కిందినుంచి చూశాను. అదృష్టం అంతే."

"అదృష్టమే. కాదన్లేదు. కానీ వాడు తప్పుగా తొయ్యడానికైనా అక్కడొక మీటంటూ ఉండాలి కదే."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి, ఇంకేం చెప్తాం. అయితే అది వట్టి మొండితనం కాదని నా ఉద్దేశం. తన భయం ఎక్కడుందో ఓలెటాకి బాగా తెలుసు. రాండల్ వస్తాడన్న భయం కన్నా, మళ్లీ నిర్ణయం కాకముందే చేతిలో పేలే వస్తువు ఉంటుందన్న భయం ఆమెకి ఎక్కువ. మీట దించడానికి పట్టే ఆ రెప్పపాటే ఆమెకి కావాలి. దించానంటే ఇక వెనక్కి లేదు అని తనకి తాను చెప్పుకోవడానికి ఆమెకి ఇంకో గుర్తు లేదు.

కుడి చెయ్యి పోతే ఎడం చెయ్యి ఉంది అనుకుంది. పిస్తోలు పట్టుకెళ్లి హోబర్ట్ ముందు పెట్టింది. ఆయనకిప్పుడు ఎనభై ఒకటి, చెవులు వినపడవు, చేతులు మాత్రం ఇంకా వింటాయి. రెండో పక్క కూడా మీట బిగించమంది, ఎడం బొటనవేలికి అందేలా. ఎన్నాళ్లుందని ఆయన అడిగాడు. ఏడున్నర నెలలంది.

"పద్దెనిమిదేళ్లు కుడి చేతికి నేర్పావు. అది ఏడు నెలల్లో మర్చిపోతుందా?"

"మర్చిపోనక్కర్లేదు అంకుల్. ఎడం చెయ్యి నేర్చుకుంటే చాలు."

"ఏమిటీ?"

"బిగించు అంటున్నా" అని చెవిలో అరిచింది.

మొదటి నెల చూసినవాళ్లకి నవ్వొచ్చేది. ఎడమ పక్కకి కట్టిన ఒరలోంచి పిస్తోలు తీయబోతే అది చొక్కా పట్టుకుని బయటికి వచ్చేది. బొటనవేలు మీటని దాటిపోయేది, లేకపోతే అసలు చేరేది కాదు. వంద పూర్తి కావడానికి గంటంబావు పట్టేది. ఆమె రెండు వందలు చేసింది. జూన్‌కి చెయ్యి దారికొచ్చింది, గోడ ముందు వందకి వందా వస్తున్నాయి, పిస్తోలు మళ్లీ నడుం దగ్గరికి చేరింది. ఓలెటాకి కాస్త గర్వం కూడా వచ్చిందేమో.

జులై రెండో ఆదివారం కంకర గుంట దగ్గర ఎనిమిదిమంది ఆడవాళ్లకి తన ఎడం చేతి పనితనం చూపించబోయింది. హోబర్ట్ కుర్చీలో కూర్చుని, మోగగానే పిస్తోలు తియ్యాల్సిన బజర్ పట్టుకున్నాడు. ఇల్లు వేరు, బయలు వేరు. ఎండ మండిపోతోంది, అందరూ చూస్తున్నారు. బజర్ మోగింది. ఎడం చెయ్యి పిస్తోలు తీసింది, గురి చూసింది, ట్రిగ్గర్ నొక్కింది. ఏమీ జరగలేదు. మీట పైకే ఉంది. పక్కన ఖాళీగా వేలాడుతున్న కుడి చేతి బొటనవేలు మాత్రం గాల్లో చక్కగా కిందికి దిగింది. తీసింది ఎడం చెయ్యి, మీట దించింది కుడి చెయ్యి.

 మాట్లాడింది డోవీ ఒక్కతే.

"ఓలెటా, నీ నియమం ఏమిటో మళ్లీ చెప్పు, నేను మర్చిపోయా. వందలో ఒకటి తప్పితే?"

ఎప్పటి కసో తీర్చుకుంది. ఓలెటా మొహం ఎర్రబడింది. కానీ ఆమె తన నియమం తన దగ్గర మార్చలేదు. అందరి ముందూ బెల్టు విప్పి, పిస్తోలు ఖాళీ చేసి, ఒరతో సహా హోబర్ట్ ఒళ్లో పెట్టింది. వందకి వందా వచ్చేదాకా నీ దగ్గరే ఉంచు అంది, రోజూ పొద్దున నీ కొట్టుకే వచ్చి చేస్తానంది. ఇంటికెళ్లి బండి దిగకుండా స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. కేలీన్ కిటికీలోంచి చూసింది. ఆ రాత్రి భోజనాల బల్ల మీద కొత్త పిస్తోలు పెట్టె మళ్లీ ప్రత్యక్షమైంది. ఓలెటా దాన్ని పక్కకి జరిపి బెండకాయ వేపుడు వడ్డించుకుంది. తినలేకపోయింది. విడుదలకి పదకొండు వారాలుంది.

మర్నాడు హోబర్ట్ చెప్పిన ఉపాయం చాలా చిన్నది. నీ ఎడం చెయ్యి పొద్దున ఒక గంట బడికెళ్లి మిగతా రోజంతా ఖాళీగా కూర్చుంటోంది, కుడిది మాత్రం రోజంతా పనిచేస్తోంది, పెత్తనం దానికి కాక దేనికుంటుంది అన్నాడు. కుడి బొటనవేలిని కట్టేయమన్నాడు.

ఓలెటా డాక్టరు దగ్గర గట్టి పట్టీ వేయించుకుంది. ఆ రోజు నుంచి కారు తాళం ఎడం చేత్తో, పొయ్యి వెలిగించడం ఎడం చేత్తో, పళ్లు తోముకోవడం ఎడం చేత్తో, చర్చిలో పుస్తకం తిప్పడం ఎడం చేత్తో. సెలూన్లో హెయిర్‌స్ప్రే డబ్బా మీటనైతే రోజుకి రెండొందలసార్లు ఎడం బొటనవేలితోనే నొక్కేది. మొదట్లో ఆ స్ప్రే జుట్టు మీద తప్ప అన్నిచోట్లా పడేది. పాస్టరు భార్య కళ్లు మండి, ఓలెటా నాకు మోక్షం ఇలా వస్తుందనుకోలేదు అంది. ఊరి ఆడవాళ్ల తలలు ఆ రెండు నెలలూ ఒక పక్కకి వాలి ఉండేవి, అయినా ఒక్కరూ వేరే సెలూన్‌కి పోలేదు. ఎందుకు ఆ పట్టీ అని అడిగినవాళ్లూ లేరు. అక్టోబరు ఒకటి అన్న తేదీ ఊరందరికీ తెలుసు.

డోవీ కూడా వారం వారం వచ్చేది, దెప్పుతూనే. ఒకరోజు మాత్రం కుర్చీలోంచి లేస్తూ, "నన్ను మూడు నెలలు ఆపావు చూడు, ఆ నాలుగో నెల్లో నాకు నిజంగా వచ్చింది పిల్లా. నీకూ వస్తుంది" అని, ఓలెటా జవాబు చెప్పేలోపు వెళ్లిపోయింది.

సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన హోబర్ట్ కొట్లో బజర్ పెట్టి వంద చేసింది. తొంభై తొమ్మిది వచ్చాయి. ఆ ఒక్కటీ వదిలెయ్యి, నేనెవరికీ చెప్పను అన్నాడాయన. ఓలెటా మీద నమ్మకం లేక కాదు, భయం పుట్టి. ఇంక మూడు రోజులే ఉంది. వదలనంది ఆమె. ఇరవై తొమ్మిదిన తొంభై ఎనిమిది వచ్చాయి. ముప్ఫయ్యో తారీఖున, కంకర గుంట దగ్గర, అదే ఎనిమిదిమంది ఎదుట, వందకి వందా దిగింది. డోవీయే పైకి లెక్కపెట్టింది. హోబర్ట్ లేచి, ఒర తెచ్చి, చిన్నపిల్లకి నడికట్టు కట్టినట్టు తనే ఆమె నడుముకి కట్టాడు.

రాండల్ ఒకటిన బయటికొచ్చాడు. రెండు వారాలు జాడ లేదు. మూడో వారం మెకానిక్ షెడ్డు దగ్గర కనపడ్డాడన్నారు.

వచ్చింది అక్టోబరు ఇరవై నాలుగు, గురువారం, పొద్దున పదింటికి. ఆ రోజు ఓలెటా ఇంకా తన వంద మొదలుపెట్టలేదు. డోవీ మనవరాలి నిశ్చితార్థం ఉందని పెందలాడే వచ్చి కూర్చుంది, ఓలెటా ముందు ఆవిడ పని అందుకుంది. తలంతా గోధుమరంగు పులిమి గడియారం చూసింది. ముప్ఫై నిమిషాలు ఉంచి కడిగేయాలి. కేలీన్ అద్దాలు తుడుస్తోంది. కంకర మీద బండి ఆగిన చప్పుడైంది. కిటికీలోంచి చూసి కేలీన్ చేతిలో గుడ్డ వదిలేసింది.

ఓలెటా తలుపుకి గడియ వేసింది. ఇద్దర్నీ వెనకగదిలోకి పొమ్మంది, షెరీఫ్‌కి ఫోన్ చెయ్యమంది. గొంతు మామూలుగానే ఉంది. తను కుర్చీలకి ఇవతల, గోడకి వీపు ఆనించి నిలబడింది. రాండల్ తలుపు లాగాడు. రాలేదు. జాకీ రాడ్డుతో అద్దం పగలగొట్టి, చెయ్యి లోపలికి పెట్టి, గడియ తీసుకుని లోపలికొచ్చాడు. జుట్టు నెరిసింది. భుజాలు మునుపటికంటే వెడల్పయ్యాయి.

ఎడం చెయ్యి ఒరలోంచి పిస్తోలు తీసింది. ఓలెటాకి తీసినట్టు కూడా తెలియలేదు. బొటనవేలు మీట మీద ఆనింది, ఆని ఆగింది.

అక్కడే ఆగమంది ఆమె. రాండల్ ఆగలేదు గానీ నెమ్మదించాడు. ముందు ఆమె మొహం చూశాడు, తరవాత ఎడం చెయ్యి చూశాడు, తరవాత మీట చూశాడు. పద్దెనిమిదేళ్లు ఆ మీట గురించే ఆలోచించిన మనిషి. వాడి పెదాల మీద నవ్వు లాంటిది వచ్చింది.

"పైకే ఉంది ఓలెటా. ఇప్పుడు నాకు తెలుసు, పైకి ఉంటే పేలదు" అన్నాడు. ఒక అడుగు వేశాడు. "అప్పుడూ నీ వల్ల కాలేదు" అని ఇంకో అడుగు వేసి రాడ్డు పైకెత్తాడు.

ఓలెటా వాడి మొహం చూసింది. పిల్ల తండ్రి మొహం. వెనక తలుపు అవతల ఆ పిల్ల ఊపిరి వినపడుతోంది. ఇంకొక్క అడుగు వేస్తే కాలుస్తాను అనుకుంది. పొద్దున్నే గోడ ముందు అనుకునే మాటే. నిజంగా కాలుస్తాను. అనుకున్నాక బొటనవేలు కిందికి దించింది.

టిక్కుమంది.

చాలా చిన్న చప్పుడు. కానీ ఆ గదిలో దాని అర్థం తెలిసినవాళ్లు ఇద్దరే ఉన్నారు, ఇద్దరూ విన్నారు. కిందికి దిగితే ఏమవుతుందో రాండల్‌కి కోర్టులో అందరి ముందూ నేర్పారు. వాడి కాలు లేచింది లేచినట్టే ఆగింది. ఆమె మొహంలో వెతికాడు, ఆనాడు దొరికినది దొరుకుతుందేమోనని. దొరకలేదు.

"ఆలోచించడం అయిపోయింది రాండల్" అంది ఓలెటా. "కూర్చో."

వాడు రాడ్డు కింద పడేశాడు. పగిలిన అద్దం ముక్కల మధ్య, కత్తిరించిన జుట్టు మధ్య నేల మీద కూర్చున్నాడు. చేతులు తల మీద పెట్టుకోమంటే పెట్టుకున్నాడు.

షెరీఫ్ మనుషులు ఇరవై రెండు నిమిషాలకి వచ్చారు. ఆ ఇరవై రెండు నిమిషాలూ ఎడం చెయ్యి వంగలేదు, వేలు ట్రిగ్గర్ పక్కనే ఉంది గానీ మీద పడలేదు. ఒకసారి వాడు ఏదో చెప్పబోయాడు. ఆమె వినదల్చుకోలేదని చెప్పింది. వాడికి బేడీలు వేసి, బండెక్కించి, తలుపు వేశాకే ఆమె మీట పైకి వేసి, ఒరలో పెట్టింది.

అప్పుడు వెనకగదిలోంచి డోవీ గొంతు వినపడింది.

"ఓలెటా, నువ్వు ప్రాణాలు కాపాడావు సరే. నా తల సంగతి చూస్తావా? రంగు పెట్టి యాభై నిమిషాలైంది."

కడిగితే డోవీ జుట్టు కాకిలా నల్లగా తేలింది. డెబ్భై రెండేళ్ల మనిషి ఆ జుట్టుతోనే నిశ్చితార్థానికెళ్లి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కారణం చెప్పింది.

మధ్యాహ్నానికి అద్దాలు ఊడ్చి, తలుపుకి చెక్క కొట్టించి, వాంగ్మూలాలు రాసిచ్చాక అందరూ వెళ్లిపోయారు. కేలీన్ ఇంక ఇంటికి పోదాం పద, ఇవాళ్టికి చాలు అంది.  ఓలెటా కూతుర్ని దగ్గరికి తీసుకుని చాలాసేపు పట్టుకుంది. తరవాత తూటాలు తీసి, అవతలి గదిలో పెట్టి వచ్చి, పిస్తోలు ఖాళీయా కాదా అని రెండుసార్లు చూసుకుని, వెనకగోడకి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, ఇవాళ కూడానా?"

ఓలెటా ఒరలోంచి తీసింది, గోడని చూసింది, నిర్ణయం చేసుకుంది, మీట దించింది, మళ్లీ పైకి వేసి ఒరలో పెట్టింది.

"రెండు" అంది.

ఒకటి ఏదని కేలీన్ అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, మిగతా తొంభై ఎనిమిదీ తనూ లెక్కపెట్టింది.